పరిశోధన పత్రికలు – అంతర్జాల ప్రచురణ

పాఠం ఉద్దేశం

జ్ఞానం ఒక తరం నుండి మరొక తరానికి అందాలంటే దానికి ఒక వాహకం కావాలి. రాయి, రాగిరేకు, తాళపత్రం, కాగితం ఒకదాని తర్వాత ఒకటిగా ఆ పని నిర్వహించాయి. నేడు కంప్యూటరు, అంతర్జాలం ఆ బాధ్యతను స్వీకరిస్తున్నాయి. తిరుపతి ప్రాంతాన్ని ప్రధానోదాహరణగా తీసుకొని, పరిశోధన పత్రికలు అచ్చు నుండి అంతర్జాలానికి మారే విధానాన్ని, ఆ మార్పులో తెలుగు భాషకు ఎదురైన సమస్యలను, వాటి పరిష్కారాలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పరిశోధన పత్రిక అంటే ఏమిటి?

దినపత్రిక నిన్నటి సంగతులను చెబుతుంది. వారపత్రిక వినోదాన్ని, విజ్ఞానాన్ని కలిపి అందిస్తుంది. పరిశోధన పత్రిక స్వభావం ఈ రెండింటికీ భిన్నమైనది. ఒక విషయాన్ని గూర్చి అంతవరకు ఎవరూ చెప్పని సంగతిని ఆధారాలతో నిరూపించే వ్యాసాలకే అందులో స్థానం ఉంటుంది. ఒక దేవాలయ శాసనంలోని శక సంవత్సరాన్ని ఇంతవరకు అందరూ పొరపాటుగా చదివారని ఒక పండితుడు గుర్తించాడనుకుందాం. ఆయన ఆ సంగతిని మిత్రులతో చెప్పి ఊరుకుంటే అది ముచ్చటగానే మిగిలిపోతుంది. శాసన పాఠాన్ని, తన పఠనాన్ని, అందుకు కారణాలను వివరించి పరిశోధన పత్రికకు పంపితే, ఆ విషయం తెలిసిన ఇతర పండితులు దానిని పరిశీలిస్తారు. వాదం నిలుస్తుందని వారికి తోస్తే వ్యాసం అచ్చవుతుంది. అప్పటి నుండి ఆ సంగతి లోకానికంతటికీ చెందిన జ్ఞానమవుతుంది.

ఈ పద్ధతికి మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. 1665 జనవరిలో పారిస్ నగరంలో ‘జర్నల్ దె సావాఁ’, అదే సంవత్సరం మార్చిలో లండన్ నగరంలో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ అనే పత్రికలు వెలువడ్డాయి. రెండవదానిని ప్రారంభించిన హెన్రీ ఓల్డెన్‌బర్గ్ రాయల్ సొసైటీకి కార్యదర్శి. ఆనాటి నుండి పరిశోధన పత్రిక నాలుగు పనులు చేస్తూ వస్తున్నదని పండితులు చెబుతారు. మొదటిది నమోదు: ఏ విషయాన్ని ఎవరు, ఎప్పుడు కనుగొన్నారో నిర్ణయించడం. రెండవది పరిశీలన: చెప్పినది నమ్మదగినదో కాదో తేల్చడం. మూడవది వ్యాప్తి: తెలుసుకోగోరిన వారందరికీ దానిని చేర్చడం. నాల్గవది రక్షణ: రాబోయే తరాల కోసం దానిని భద్రపరచడం. వాహకం ఏదైనా ఈ నాలుగు పనులూ జరిగితేనే అది పరిశోధన పత్రిక అనిపించుకుంటుంది. అంతర్జాల పత్రికను కూడా ఈ కొలతతోనే కొలవాలి.

రాగిరేకులు చెప్పే పాఠం

ఈ నాలుగు పనులలో ఏ ఒక్కటి లోపించినా ఏమవుతుందో తెలుసుకోవడానికి తిరుమల కొండను మించిన ఉదాహరణ లేదు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) రచించిన సంకీర్తనలు 32 వేలని సంప్రదాయం చెబుతున్నది. ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి, శ్రీవారి ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. రాగి కాలదు, చెదపట్టదు. కాబట్టి రక్షణ బాగానే జరిగింది. అయితే ఆ రేకులు శతాబ్దాల పాటు లోకం దృష్టికి దూరంగా ఉండిపోయాయి. ఇరవయ్యవ శతాబ్దంలో పండితులు వాటిని వెలికి తీసి, చదివి, పరిష్కరించి అచ్చువేసిన తరువాతనే అన్నమయ్య పదం ఇంటింటికీ చేరింది. దొరికినవి సంప్రదాయం చెప్పిన సంఖ్యలో సగం కంటె తక్కువే.

ఈ కృషిలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన వారి పేర్లు చిరస్మరణీయాలు. సుబ్రహ్మణ్యశాస్త్రి తిరుమల, తిరుపతి ఆలయ శాసనాలను కూడా పరిశీలించి 1930లో ఒక నివేదికను వెలువరించారు. ఆ శాసనాలు తరువాత దేవస్థానం పక్షాన ఆరు సంపుటాలుగా వెలువడ్డాయి. రాతి మీద ఉన్నంత కాలం చూడవచ్చిన యాత్రికుడికి మాత్రమే కనిపించిన అక్షరాలు, అచ్చయిన పిమ్మట దూరదేశాల చరిత్రకారుల బల్లల మీదికి చేరాయి.

రక్షణ ఉండి వ్యాప్తి లేకపోవడం రాగిరేకుల కథ. అంతర్జాలం విషయంలో ఈ కథ తలక్రిందులవుతుంది. అక్కడ వ్యాప్తి క్షణాలలో జరుగుతుంది, రక్షణే సందేహం. ఈ తేడాను మనస్సులో ఉంచుకొంటే పాఠంలోని మిగిలిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

తిరుపతిలో పరిశోధన పత్రిక

తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థను స్థాపించింది. తాళపత్ర గ్రంథాలను సేకరించడం, పాఠాలను పోల్చి పరిష్కరించడం, పరిశోధన వ్యాసాలను ప్రచురించడం ఆ సంస్థ ప్రధాన కార్యక్రమాలు. ప్రభాకరశాస్త్రి ఈ సంస్థలోనే పనిచేస్తూ తాళ్ళపాక సాహిత్యానికి సేవ చేశారు. సంస్థ తరఫున పరిశోధన పత్రిక 1940లో ఆరంభమైంది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1956లో ప్రాచ్య పరిశోధన సంస్థ ఆ విశ్వవిద్యాలయంలో భాగమైంది. 1958 నుండి ‘శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ఓరియంటల్ జర్నల్’ అనే పేరుతో పత్రిక వెలువడసాగింది.

ఇదే కాలంలో తెలుగు పరిశోధనకు ఆశ్రయమిచ్చిన మరొక పత్రిక ‘భారతి’. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మద్రాసులో దీనిని స్థాపించారు. విశ్వవిద్యాలయ పత్రిక కాకపోయినా, కావ్యాల కాలనిర్ణయం, శాసనాలు, ఛందస్సు, వ్యాకరణం మొదలైన విషయాలపై ఎన్నో విలువైన చర్చలు అందులో సాగాయి. 1991లో ఆ పత్రిక ఆగిపోయింది. పత్రిక ఆగినా అందులోని వ్యాసాల అవసరం ఆగలేదు. నేటికీ తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసే విద్యార్థి ఏదో ఒక సందర్భంలో భారతి పాత సంచికలను వెదకవలసిందే.

అచ్చు యుగంలో వ్యాసం ప్రయాణం

అచ్చు యుగంలో ఒక వ్యాసం పాఠకుని చేరడానికి ఎంత దూరం నడవవలసి వచ్చేదో గమనించండి. రచయిత చేతివ్రాతతోనో, టైపు చేయించియో పంపిన ప్రతిని సంపాదకుడు పండితుల పరిశీలనకు పంపేవాడు. వారి అంగీకారం లభించాక ముద్రణాలయంలో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చేవారు. తెలుగులో అచ్చులు, హల్లులతో పాటు గుణింతపు గుర్తులు, వత్తులు ఉండడం వలన కూర్పు పని కష్టమైనది. తొలి ప్రూఫు, మలి ప్రూఫు దిద్దిన తర్వాత అచ్చు, ఆపై కుట్టు, ఆపై తపాలా. ఒక వ్యాసం వెలువడడానికి సంవత్సరం పట్టడం అసాధారణం కాదు.

అచ్చయిన ప్రతులు కొన్ని వందలే. అవి పెద్ద గ్రంథాలయాలకు, చందాదారులకు చేరేవి. విశ్వవిద్యాలయాలు తమ పత్రికలను పరస్పరం మార్చుకొనే ఏర్పాటు కూడా ఉండేది. అయినా కుప్పంలోనో, సత్యవేడులోనో ఉన్న ఉపాధ్యాయుడు పాత సంచికలోని ఒక వ్యాసాన్ని చూడాలంటే బస్సెక్కి తిరుపతి గ్రంథాలయానికి వెళ్ళవలసిందే. అక్కడ కూడా వ్యాసం ఏ సంపుటంలో ఉన్నదో ముందుగా తెలియకపోతే పుటలు త్రిప్పుతూ కూర్చోవలసిందే.

కాని అచ్చుకు ఒక గొప్ప గుణం ఉంది. ఒకసారి అచ్చయిన అక్షరం మారదు. ఒక సంచిక ప్రతులు పలు గ్రంథాలయాలలో ఉండడం వలన ఒకచోట నశించినా మరొకచోట మిగులుతాయి. తప్పు దొర్లితే తరువాతి సంచికలో సవరణ అచ్చువేస్తారు. తప్పూ, దిద్దుబాటూ రెండూ పాఠకునికి కనిపిస్తాయి. ఈ స్థిరత్వమే పరిశోధనకు పునాది.

పుట బొమ్మ – పుట పాఠం

అంతర్జాలం వైపు మొదటి అడుగు పాత సంచికలను స్కాన్ చేయడంతో పడింది. ఈ ఉద్యమానికి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త మన ప్రాంతపువాడే కావడం గర్వకారణం. దబ్బల రాజగోపాల్ రెడ్డి (రాజ్ రెడ్డి) 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. కృత్రిమ మేధా రంగంలో కృషికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులోకి తేవాలనే సంకల్పంతో ఇరవై ఒకటవ శతాబ్దారంభంలో మొదలైన ‘మిలియన్ బుక్ ప్రాజెక్టు’కు ఆయన ప్రధాన ప్రేరకులు. మనదేశంలో అది ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’గా రూపుదిద్దుకుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మొదలైన సంస్థలతో పాటు తిరుమల తిరుపతి దేవస్థానం కూడా ఇందులో పాలుపంచుకుంది. మరొకవైపు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ భారతి వంటి పాత తెలుగు పత్రికల సంచికలను స్కాన్ చేయించింది. నేడు తిరుపతి ప్రాచ్య పరిశోధన పత్రికల పాత సంచికలలో కొన్నింటిని కూడా ఇంట్లో కూర్చొని తెరపై చదువుకోవచ్చు.

ఇక్కడ విద్యార్థులు ఒక ముఖ్యమైన భేదాన్ని గుర్తించాలి. స్కాన్ చేసిన పుట ఆ పుటకు ఛాయాచిత్రం మాత్రమే. మనిషి దానిని చదువుతాడు. కంప్యూటరు దృష్టిలో అది నలుపు తెలుపు చుక్కల సముదాయం. ‘చంద్రగిరి’ అనే మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెదకమంటే కంప్యూటరు చెప్పలేదు. ఆ బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చినప్పుడే వెదకడం సాధ్యమవుతుంది. ఈ పనిచేసే సాధనాన్ని ఓ.సి.ఆర్. అంటారు. ఇది ఇటీవల ఎంతో మెరుగుపడినా, పాత అచ్చులో సీసం అరిగిన చోట, కాగితం మరకలు పడిన చోట ఇప్పటికీ తడబడుతుంది. తెలుగులో ‘మ’, ‘వు’ అనే అక్షరాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ‘ధ’కు, ‘థ’కు ఉన్న భేదం ఒక చిన్న చుక్క. ‘కథ’ అని ఉన్నదానిని యంత్రం ‘కధ’ అని చదివితే, ‘కథ’ కోసం వెదికిన వానికి ఆ వ్యాసం కనిపించదు. వ్యాసం ఉండి కూడా లేనట్లే అవుతుంది. కాబట్టి యంత్రం చదివినదానిని మనిషి మళ్ళీ సరిచూడాలి. తాళపత్ర యుగంలో లేఖకుని పొరపాట్లను దిద్దిన పరిష్కర్త అవసరం నేడు వేరొక రూపంలో మళ్ళీ ఏర్పడింది.

తెలుగు లిపికి ఎదురైన చిక్కులు

కొత్త వ్యాసాలను కంప్యూటరులోనే కూర్చడం మొదలయ్యాక మరొక చిక్కు వచ్చింది. 1990ల నుండి తెలుగు ముద్రణాలయాలలో కంప్యూటరు కూర్పు ప్రచారంలోకి వచ్చింది. అప్పటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు ఆకారాలను అమర్చుకొన్నాయి. ఏ ఫాంటు అమరిక దానిదే. కాగితంపై అచ్చు చక్కగా వచ్చేది. కాని ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే వ్యాసాన్ని తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపించేవి. ఒక కంప్యూటరులో తెలుగు మరొక కంప్యూటరులో తెలుగు కాకుండా పోయేది.

ఈ సమస్యకు పరిష్కారం యూనికోడ్. ప్రపంచ భాషల లిపులన్నింటిలోని ప్రతి అక్షరానికి ఒక స్థిరమైన సంఖ్యను నిర్ణయించడం దీని సూత్రం. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు లభించింది. తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ‘క’ అనే అక్షరం సంఖ్య 3093. ఏ దేశంలో, ఏ కంప్యూటరులో, ఏ ఫాంటులో చూసినా ఆ సంఖ్య ‘క’ అక్షరానిదే. సంయుక్తాక్షరాలకు వేరే సంఖ్యలు లేవు. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరాన్ని కంప్యూటరు శ, పొల్లు, ర, ఈకారపు గుర్తు అనే నాలుగు సంఖ్యలుగా దాచుకొని, తెరపై ఒకే ఆకారంగా చూపిస్తుంది. అక్షర నిర్మాణాన్ని గూర్చి మన వ్యాకరణ పాఠాలలో చదువుకొన్న విభాగమే ఇది.

ప్రాచీన సాహిత్య పరిశోధకులకు ఇంకొక ఇబ్బంది ఉండేది. రేనాటి చోళుల తెలుగు శాసనాలలో ‘ఴ’ అనే ప్రాచీనాక్షరం కనిపిస్తుంది. తరువాతి తెలుగులో అది లుప్తమైంది. ఈ అక్షరానికి తెలుగు యూనికోడ్‌లో స్థానం 2014లో మాత్రమే లభించింది. అంతవరకు రాయలసీమ శాసన పాఠాన్ని ఉన్నదున్నట్లు కంప్యూటరులో వ్రాయడానికి ప్రామాణికమైన మార్గం లేదు. చిన్న విషయంగా కనిపించినా, పాఠంలో ఒక్క అక్షరం మారితే నిర్ణయమే మారే శాసన పరిశోధనలో ఇది చిన్న విషయం కాదు.

వ్రాతలోని వైవిధ్యం కూడా పరీక్ష పెడుతుంది. ‘తాళ్ళపాక’ అని కొందరు, ‘తాళ్లపాక’ అని కొందరు వ్రాస్తారు. పాఠకునికి రెండూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. అందుచేత అంతర్జాల పత్రిక సంపాదకుడు ప్రతి వ్యాసానికి శీర్షిక, రచయిత పేరు, ముఖ్యపదాలు ఒక నియమం ప్రకారం నమోదు చేయాలి. ఈ వివరాలు సరిగా లేని వ్యాసం, వరుస తప్పిన బీరువాలో పెట్టిన పుస్తకం వంటిది.

అంతర్జాలంలో పుట్టిన పత్రిక

పాత సంచికలను అంతర్జాలంలో ఉంచడం ఒక పద్ధతి. మొదటి నుండి అంతర్జాలంలోనే పత్రికను నడపడం మరొక పద్ధతి. అమెరికాలోని తెలుగువారు 1998లో ప్రారంభించిన ‘ఈమాట’ ఇందుకు మంచి ఉదాహరణ. కథలు, కవితలతో పాటు ఛందస్సు, భాషాశాస్త్రం, సాహిత్య విమర్శలపై వ్యాసాలను పరిశీలకుల సూచనలతో ప్రచురిస్తున్న పత్రిక ఇది. యూనికోడ్ ప్రచారంలోకి రాక ముందు మొదలై, కాలక్రమంలో యూనికోడ్‌కు మారింది. అందువలన తొలినాటి సంచికలు కూడా నేటి పాఠకునికి అందుతున్నాయి.

అచ్చు పత్రిక అంతర్జాలానికి మారేటప్పుడు చేయవలసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. ప్రతి పత్రికకు ఐ.ఎస్.ఎస్.ఎన్. అనే ఎనిమిది స్థానాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అచ్చు రూపానికి ఒక సంఖ్య, అంతర్జాల రూపానికి వేరొక సంఖ్య తీసుకోవాలి. వెబ్‌సైటు చిరునామా మారినా వ్యాసం దొరికేటట్లు ప్రతి వ్యాసానికి డి.ఓ.ఐ. అనే శాశ్వత సంఖ్యను ఇవ్వవచ్చు. ఇల్లు మారినవాడు తపాలా కార్యాలయంలో కొత్త చిరునామా ఇచ్చినట్లు, వెబ్‌సైటు మారినప్పుడు పత్రికవారు ఆ సంఖ్యకు కొత్త చిరునామాను జతచేస్తారు. వ్యాసాలను స్వీకరించడం, పరిశీలకులకు పంపడం, సంచికగా కూర్చడం వంటి పనులకు ‘ఓపెన్ జర్నల్ సిస్టమ్స్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది. ఇది కెనడాలో రూపొంది 2001 ప్రాంతంలో వెలుగులోకి వచ్చింది. పెద్ద పెట్టుబడి లేని విశ్వవిద్యాలయ శాఖ కూడా దీనితో పత్రికను నడపవచ్చు.

ఖర్చు ఎవరు భరించాలనే ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. చదివేవాడు చందా చెల్లించడం పాత పద్ధతి. 2002లో బుడాపెస్ట్ నగరం నుండి వెలువడిన ప్రకటన, పరిశోధన ఫలితాలు అందరికీ ఉచితంగా అందాలని కోరింది. దీని వలన కొన్ని పత్రికలకు సంస్థలు సహాయం చేస్తున్నాయి. మరికొన్ని వ్యాసకర్త నుండి రుసుము వసూలు చేస్తున్నాయి. భారత ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకం క్రింద 2025 నుండి ప్రభుత్వ విద్యాసంస్థలకు 13 వేల పరిశోధన పత్రికలు అందుబాటులోకి వస్తున్నాయి. మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. అయితే ఈ పత్రికలు ప్రధానంగా 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందినవి. తెలుగులో, తెలుగు నేలను గూర్చి వెలువడే చిన్న పత్రికలు పాఠకునికి అందాలంటే వాటిని నడిపే సంస్థలే పూనుకోవాలి. తాళ్ళపాక కవులను గూర్చి, చంద్రగిరి కోటను గూర్చి, శ్రీకాళహస్తి శిల్పాన్ని గూర్చి మనం వ్రాసి భద్రపరచకపోతే, వేరొకరు మన కోసం ఆ పని చేస్తారని ఎదురుచూడలేము.

పొంచి ఉన్న ప్రమాదాలు

అంతర్జాల ప్రచురణ సులభమైన కొద్దీ నకిలీ పత్రికలు పెరిగాయి. పరిశీలన ఏదీ లేకుండా రుసుము తీసుకొని ఏ వ్యాసాన్నైనా ప్రచురించే పత్రికలు కొన్ని. పేరున్న అచ్చు పత్రికకు సొంత వెబ్‌సైటు లేదని తెలుసుకొని, అదే పేరుతో దొంగ వెబ్‌సైటు తెరిచి వ్యాసకర్తలను మోసగించేవి మరికొన్ని. విశ్వవిద్యాలయ నిధుల సంఘం నమ్మదగిన పత్రికలను గుర్తించడానికి ‘యూజీసీ–కేర్’ జాబితాను 2019లో అమలులోకి తెచ్చింది. 2025లో దానిని నిలిపివేసి, పత్రికల నాణ్యతను నిర్ణయించుకొనే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది. కాబట్టి సంపాదకులెవరు, పరిశీలన ఎట్లా జరుగుతుంది, పాత సంచికలు ఉన్నాయా అని ప్రశ్నించే అలవాటు పరిశోధకునికి నేడు మరింత అవసరం.

రెండవ ప్రమాదం చడీచప్పుడు లేని మార్పు. అచ్చు పుటను దిద్దడం సాధ్యం కాదు. తెరమీది పుటను ఏ క్షణంలోనైనా దిద్దవచ్చు. నిన్న ఒక పరిశోధకుడు ఉదహరించిన వాక్యం నేడు అక్కడ లేకపోతే ఉదాహరణకు విలువ ఏముంది? అందుచేత మంచి అంతర్జాల పత్రికలు సవరించిన తేదీని, సవరించిన అంశాన్ని వ్యాసంలోనే తెలుపుతాయి. మొదటి రూపాన్ని కూడా ఉంచుతాయి.

మూడవది అన్నింటికంటె పెద్ద ప్రమాదం. పైన చెప్పుకొన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో ఐదు లక్షలకు పైగా గ్రంథాలు చేరాయి. ఎందరో తెలుగు విద్యార్థులు దానిపై ఆధారపడి పరిశోధన చేశారు. ప్రచురణ హక్కుల చిక్కుల కారణంగా 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు పాఠకులకు అందకుండా పోయింది. రాగిరేకులు శతాబ్దాల పాటు నిలిచాయి. ఈ గ్రంథాలయం ఇరవై ఏళ్ళైనా అందుబాటులో నిలవలేదు. అయితే అంతకు ముందే అందులోని గ్రంథాలను అమెరికాలోని ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ అనే స్వచ్ఛంద సంస్థ గ్రంథాలయానికి పెద్ద ఎత్తున చేర్చి ఉండడం వలన అవి నేటికీ లభిస్తున్నాయి. ఒక గ్రంథానికి పలుచోట్ల ప్రతులు ఉండడమే దానికి రక్ష అన్న పాత సత్యం కొత్త యుగంలో కూడా ఋజువైంది. ఊరూరా, ఇంటింటా నకలు వ్రాసుకొన్న తాళపత్ర ప్రతులే కదా మన కావ్యాలను మన దాకా తెచ్చినవి!

ముగింపు

పరిశోధన పత్రికకు కాగితం శరీరమైతే పరిశీలన, స్థిరత్వం దాని ప్రాణం. శరీరం మారినప్పుడు ప్రాణాన్ని కాపాడుకోవడమే అసలైన పని. పాత సంచికలను బొమ్మలుగానే వదలక వెదకదగిన పాఠంగా మార్చాలి. కొత్త వ్యాసాలను యూనికోడ్‌లో కూర్చాలి. ప్రతి వ్యాసానికి సరియైన వివరాలు, శాశ్వత సంఖ్య ఇవ్వాలి. సవరణలను దాచకుండా ప్రకటించాలి. ప్రతులను ఒకే చోట ఉంచకుండా పలు గ్రంథాలయాలలో భద్రపరచాలి. అప్పుడే రాగిరేకుల మన్నిక, అంతర్జాలపు వేగం ఒకచోట చేరుతాయి.

ఈ పనికి కంప్యూటరు తెలిసినవారు మాత్రమే చాలరు. తెలుగు తెలిసినవారు కావాలి. ‘మ’కు, ‘వు’కు భేదం చూడగలవారు, శకటరేఫకు, సాధురేఫకు తేడా ఎరిగినవారు, ఒక పద్యపాదంలో గణం తప్పితే గుర్తించగలవారు కావాలి. తెలుగు వికీసోర్స్ వంటి వేదికలలో ఇప్పటికే ఎందరో స్వచ్ఛందంగా పాత గ్రంథాల పాఠాన్ని పుట పుటా సరిచూస్తున్నారు. ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా ఇందులో చోటు ఉంది. ఒక పుటను శ్రద్ధగా చదివి తప్పులు దిద్దిన విద్యార్థి, తెలియకుండానే నాటి పరిష్కర్తల పరంపరలో చేరుతాడు.

పదాలు – అర్థాలు

వాహకం = మోసుకొనిపోయేది
భాండాగారం = వస్తువులను భద్రపరిచే గది
పరిష్కర్త = ప్రతులను పోల్చి సరియైన పాఠాన్ని నిర్ణయించేవాడు
లేఖకుడు = వ్రాయసగాడు, గ్రంథానికి నకలు వ్రాసేవాడు
లుప్తం = కనిపించకుండా పోయినది
శకటరేఫ = ‘ఱ’ అనే అక్షరం (బండి ‘ఱ’)
సాధురేఫ = ‘ర’ అనే అక్షరం
పరంపర = వరుస

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. పరిశోధన పత్రిక చేసే నాలుగు పనులను వివరించి, అంతర్జాల ప్రచురణలో వాటికి కలిగే మార్పులను తెలపండి.
2. తెలుగు లిపికి కంప్యూటరులో ఎదురైన సమస్యలను, పరిష్కారాలను వివరించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. అన్నమయ్య రాగిరేకుల వలన మనం గ్రహించవలసిన పాఠం ఏమిటి?
2. పుట బొమ్మకు, పుట పాఠానికి గల భేదాన్ని తెలపండి.
3. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం ఏ సత్యాన్ని ఋజువు చేసింది?

ఇ. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ ఎప్పుడు స్థాపితమైంది?
2. ‘భారతి’ పత్రిక స్థాపకులెవరు?
3. రాజ్ రెడ్డి ఏ గ్రామంలో జన్మించారు?
4. ‘శ్రీ’ అనే అక్షరాన్ని కంప్యూటరు ఎన్ని సంఖ్యలుగా దాచుకొంటుంది?